పాలరాయి కాని స్తంభాలు

కొడవలూరు దాటాక ఆటో ఆపి ఎక్కిన ముసలాయన, అప్పటికే అందులో ఉన్న కరుణాకుమారి టీచరు చేతిలో కెమెరా చూసి, "జమీందారు మహలుకేనా అమ్మా? నేనూ ఆడికే. కొత్త గైడు వచ్చినాడంట. మా తాత పని గురించి సరిగ్గా చెప్తా ఉండాడో లేదో చూడాల," అన్నాడు. పేరు నాగూర్ మేస్త్రి. గైడు మారినప్పుడల్లా ఇలా వెళ్లడం ఆయనకు అలవాటట.

నెల్లూరు ఎండలు తాళలేక సముద్రపు గాలికి కట్టుకున్న వేసవి మహలు అది. చుట్టూ సరుగుడు తోపు, మామిడి తోట, తామరల కాలువ. ఎండలు జమీందార్లకే కాదు, ఇటుకలు మోసిన వాళ్లకీ కాసే ఉంటాయి. శిలాఫలకం మీద మాత్రం జమీందారు పేరొక్కటే ఉంది.

హాల్లో అద్దంలా మెరిసే స్తంభాలు చూపించి గైడు రాజ్ కుమార్, "ఇటలీ పాలరాయి. ఓడలో తెప్పించినారు," అన్నాడు.

"ఏ ఓడలో నాయనా? మా తాతే దించినాడా?" అన్నాడు మేస్త్రి. మహలు చూడవచ్చిన జనం నవ్వారు. ఆయన గైడును స్తంభం వెనక్కి తీసుకెళ్లి, పెచ్చు ఊడిన చోట ఎర్రటి ఇటుక చూపించాడు.

"నత్తగుల్లలు కాల్చిన సున్నం, కోడిగుడ్డు సొన. మా తాత మస్తాన్ గులకరాయితో రుద్ది రుద్ది ఈ నునుపు తెచ్చినాడు. వేళ్లు అరిగిపోయి తాలూకా కచేరీలో వేలిముద్ర కూడా పడలేదంట."

కరుణాకుమారి చెంప ఆనించి చూసింది. మిట్టమధ్యాహ్నం కూడా స్తంభం చల్లగా ఉంది.

ఇంతలో ఇంకో గుంపు వచ్చింది. మేస్త్రి కదలకుండా నిలబడి చెవులు రిక్కించాడు. గైడు బుర్ర గోక్కుని గొంతు సవరించుకున్నాడు.

"ఇది పాలరాయి కాదండీ, సున్నం. చేసిన మేస్త్రి పేరు మస్తాన్. ఆయన మనవడు గారు ఇక్కడే..." అంటూ పక్కకు తిరిగాడు.

నాగూర్ మేస్త్రి అప్పటికే మెట్లు దిగి, తలెత్తుకుని గేటు వైపు నడుస్తున్నాడు.