లేని గాలి

పైపులో లేని గాలి ఏళ్లుగా నా గుండెల మీద బరువై కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

బొమ్మసంద్రలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. పైపులో నీళ్లు, నూనె, గాలి ఎలా కలిసి పారుతున్నాయో పైపు కోయకుండానే చూపించే పరికరం మాది. పైపు చుట్టూ వడ్డాణంలా ఎలక్ట్రోడ్లు ఉంటాయి. వాటి గుండా కొద్దిపాటి కరెంటు పంపితే లోపలి బొమ్మ తెర మీదికి వస్తుంది. అయితే రోజూ ముందుగా పైపును వట్టి నీళ్లతో నింపి ఒక కొలత తీసుకోవాలి. దాన్ని రెఫరెన్సు అంటాం. దానితో పోల్చి చూసి బొమ్మంతా గీస్తుంది కంప్యూటరు. అది తీయడం నా పని.

కొనేవాళ్లు చూడడానికి వచ్చిన రోజు, హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యంగా చేరాను. ముందురోజుది ఉందిగా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ పొద్దున వేరే బోరు నుంచి ట్యాంకరు నీళ్లు దింపారని, వాటిలో ఉప్పు తక్కువని అప్పటికి నాకు తెలియదు. ఉప్పు తగ్గితే కరెంటు తక్కువ పారుతుంది. పాత కొలతతో పోల్చే కంప్యూటరు దాన్ని గాలి అనుకుంటుంది. మేమింకా గాలి వదలనేలేదు, తెర మీద ఎర్రగా గాలి. పంపుల బాధ్యత చూసే ఇంజనీరు సరళక్క వైపు తిరిగారు అందరూ.

ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"రెఫరెన్సు ఈపొద్దు తీసినావా అప్పా?"

"తీశానక్కా."

"అట్లయితే నా పంపులోనే గాలి దూరతా ఉండాది."

అంతే. మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణేనని ఇన్నాళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. ఆమె పంపు విప్పి, గాలి దూరకుండా ఆపే సీలు మారుస్తుండగా ఎవరో ట్యాంకరు మాట ఎత్తారు, నాకు సంగతంతా అర్థమైంది. అప్పుడైనా నోరు విప్పలేదు. పంపు బిగించాక చడీచప్పుడు లేకుండా కొత్త రెఫరెన్సు తీశాను. బొమ్మ శుభ్రంగా వచ్చింది. సీలు మార్చడం వల్లే బాగైందన్నారు. తప్పు ఆమెదేనని అలా నేనే రుజువు చేశాను.

కొనేవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. ఆమెను ఆ పని నుంచి తప్పించారు. కొన్నాళ్లకు ఉద్యోగమే మానేసింది.

మొన్న వైట్‌ఫీల్డ్‌లో కనిపించింది. కొత్త ఇంజనీర్లకు పాఠాలు చెబుతోందట. మొదటి రోజే తన సీలు పొరపాటు చెబుతుందట, వాళ్లయినా జాగ్రత్తపడతారని. చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగాను?

సీలు బాగానే ఉంది. ఆ రోజు నేను రెఫరెన్సు తీయలేదు.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆమె మాత్రం రేపు ఇంకో బ్యాచి ముందు నిలబడి, ఆ తప్పు తనదేనని చెబుతుంది.