మా మిద్దె మీది పాలెగాడు

మా చిన్నప్పుడు... తిరుపతిలో మా మిద్దె మీద ఒక దేశం ఉండేది. రేకుల పంచ, నీళ్ళ తొట్టి, అమ్మ వడియాలు ఎండబెట్టుకునే మూల... ఇంతే దాని విస్తీర్ణం. కానీ దానికి దేవుళ్ళున్నారు, పాలకులున్నారు, ఒకరంటే ఒకరికి పడని రెండు రకాల జనం కూడా ఉన్నారు.

ఆ దేశాన్ని పుట్టించింది మా సుగుణక్క. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నోరు తెరిస్తే కథే...

నీళ్ళ తొట్టిలో ఉండే దేవుడి పేరు చుక్కయ్య. ఆయన పూజలకు లొంగడు, తిడితేనే వాన కురిపిస్తాడు. మా గంగమ్మ జాతర నుంచి అక్క ఎత్తుకొచ్చిన తెలివి అది. జాతరలో వేషం కట్టినవాళ్ళు నోటికొచ్చినట్టు తిడితే అదీ మొక్కు కిందే లెక్క కదా... అందుకని తొట్టివైపు జనం పొద్దున లేస్తూనే చుక్కయ్యను తిట్టాలి. పంచవైపు జనానికేమో తిట్టు చెవిన పడితే మైల. వాళ్ళు చెవుల్లో దూది పెట్టుకునే తిరుగుతారు. ఇక ఈ రెండు వైపులకూ పెళ్ళి సంబంధాలు ఎక్కడ కుదురుతాయి?

ఇంత జనం ఎక్కడినుంచి వచ్చారంటారా... అందరూ నేనే. ఒకపూట తిట్టేవాణ్ణి, ఒకపూట చెవుల్లో దూది. దేవుళ్ళందరూ మాత్రం అక్కే. ఆ పదవి నాకు ఒక్కనాడూ ఇవ్వలేదు.

అసలు ఆట పాలెగాడిది. జాతర కథ తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ఊరిని పీడించే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. అమ్మవారు రోజుకొక వేషంలో వాణ్ణి వెతుకుతుంది. చివరికి దొర వేషంలో వస్తే, నిజంగా తన దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చి దొరికిపోతాడు. మా దేశానికి పాలెగాణ్ణి నేను. దాక్కున్నాక ఎవరు పిలిచినా పలకకూడదు. 'దొర వచ్చినాడు' అన్న మాట వినపడితేనే బయటికి రావాలి. ముందే వచ్చానా, నా రాజ్యం పోయినట్టే.

అక్క ఎవరి గొంతయినా తీసేది. ఒకసారి అచ్చం అమ్మలాగా "చిన్నా, దోసె ఆరిపోతా ఉండాది, రారా" అంటే పరుగెత్తుకొచ్చి రాజ్యం పోగొట్టుకున్నాను. "దోసెకు అమ్ముడుపోయిన పాలెగాడివిరా నువ్వు" అని ఎన్నాళ్ళు ఏడిపించిందో...

ఆ ఎండాకాలం, జాతర ఇంకా మొదలు కాకముందే, అక్కకు జ్వరం వచ్చింది. బిళ్ళ వేస్తే తగ్గేది, మళ్ళీ వచ్చేది. చాప మీద పడుకునే ఉండేది. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని నేను ఒకటే సణుగుతుంటే, "పొయ్యి దాక్కో పో. తలనొప్పి తగ్గినాక వచ్చి పిలస్తా. ఈసారన్నా మోసపోవద్దు" అంది నవ్వుతూ.

మెట్ల కింద కొట్టులో పాత నులకమంచాల వెనక దూరాను. ఎంతసేపైందో తెలియదు... బయట అమ్మ గొంతు వినిపించింది.

"చిన్నా, యాడుండావురా... అక్కకు బాగలేదురా. రా నాయనా, ఒకసారి కనపడరా."

మళ్ళీ మళ్ళీ పిలిచింది. పిలిచి పిలిచి ఏడ్చేసింది. నేను ఆ చీకట్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. అక్క ఈసారి ఏడుపు కూడా నేర్చుకుందే అనుకున్నాను. తర్వాత నాయన గొంతు. "వాడు యాడో ఆడుకుంటా ఉంటాడు. పద, ఆలస్యం చేయొద్దు." అదీ అక్కేననుకున్నాను. ఆటో ఒకటి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. వీధిలో ఎవరిదో అనుకున్నాను.

ఆకలేసినా కదల్లేదు. చివరికి పక్కింటి అవ్వ కొట్టు తలుపు తీసింది. "ఈడుండావా అబ్బోడా... మీ అక్కను ఆసుపత్రికి తీసుకపోయినారప్పా" అంది. ఆమె మాటా నమ్మలేదు నేను. లోపలికెళ్ళి అక్క చాప ఖాళీగా ఉండడం చూశాకే నమ్మాను.

మెదడు జ్వరమన్నారు. ఇక్కడినుంచి వేలూరుకు తీసుకెళ్ళారు. చిన్నపిల్లలు అక్కడికి రాకూడదన్నారు. అక్క మళ్ళీ మా వీధికి వచ్చేసరికి కళ్ళు మూసుకునే ఉంది. దగ్గరికి వెళ్ళి పిలిచాను. ఎవరి గొంతుతోనూ పలకలేదు.

చాలా ఏళ్ళు గడిచాయి. ఒక జాతరలో ఒళ్ళంతా చందనం పూసుకుని దొర వేషం కట్టినతను మా గడప ముందుకొచ్చాడు. అమ్మ అతని కాళ్ళకు నీళ్ళు పోసి, దండం పెట్టి, లోపలికొచ్చి కూర్చుంది. తనంతట తనే చెప్పింది.

"మీ అక్కను ఆటోలో ఎక్కిస్తా ఉంటే ఒకటే మాటరా... దొర వచ్చినాడని చెప్పమా, దొర వచ్చినాడని చెప్పు, అని. జ్వరం తలకెక్కి పలవరిస్తా ఉండాదనుకుంటి. ఏ దొరో ఏమో పాపం... బిడ్డకు చూపించలేకపోతిమి."

అంత జ్వరంలోనూ అక్క నన్ను బయటికి పిలవాలనే చూసింది. ఆ ఒక్క మాట నా చెవిన పడి ఉంటే ఒక్కసారైనా తన మొహం చూసుకునేవాణ్ణి...

అమ్మకు ఆ మాటకు అర్థం ఈరోజుకీ చెప్పలేదు. చెబితే బతికినన్నాళ్ళూ కుమిలిపోతుంది. ఆమెకు ఫోన్‌లో చదవడం రాదు, అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇప్పుడు మా అబ్బాయి ఫోన్‌లో రాజ్యాలు ఏలుతున్నాడు. అందులోనూ దేవుళ్ళు, రాజులు, వింత వింత జనం... ఆట ఎలా ఆడాలో అంతా తెర మీదే రాసి ఉంటుంది, ఎవరైనా చదువుకోవచ్చు. మా ఆట సంగతులు ఇద్దరికే తెలిసేవి. ఇప్పుడు నా ఒక్కడికే...

మీరూ చిన్నప్పుడు ఏదో ఒక దేశం కట్టుకునే ఉంటారు. దాని దేవుళ్ళెవరో, మీతో కలిసి దాన్ని ఏలిందెవరో కింద రాయండి. కానీ వాళ్ళింకా ఉంటే... ముందు వాళ్ళకొకసారి ఫోన్ చేసి, ఆ తర్వాత రాయండి.