నా మాట నమ్మని మా అత్త

మొన్న మధ్యాహ్నం మా అత్త పోయింది. చేలో నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, కాస్త నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. ఊళ్లోవాళ్లు వచ్చి కూర్చుని, మంచి మనిషని చెప్పి, ఆ తర్వాత గొంతు తగ్గించి, అనుమానం మనిషే గానీ అని కలుపుతున్నారు. కలపనీండి. అబద్ధమేమీ కాదు.

పాలు పోసే మనిషి ఎదుటే పాలలో వేలు ముంచి చూసేది. ఊరికే చూసిపోదామని చుట్టమెవరైనా వస్తే, ఏదో అడగడానికే వచ్చాడని పొద్దుగూకేదాకా కనిపెట్టుకుని ఉండేది. మామ మనుబోలు వెళ్లొస్తే చొక్కా వాసన చూసేది. "ఊరికే ఎవురూ నవ్వరమ్మే, చూసుకో" అని నాకు చెబుతుండేది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, ఈమెతో ఎట్లా వేగాలిరా దేవుడా అనుకున్నాను.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అందుకని తొలికాన్పు అత్తగారింట్లోనే జరిగింది. పదేళ్ల కిందటి మాట. ఆడపిల్ల. బాలింతకూ బిడ్డకూ గాలి సోకకుండా గుమ్మానికి వేపమండలు కట్టి, తలగడ కింద ఇనుము పెట్టడం మా వైపు అందరూ చేసేదే. నాకు ఆ ఇనుముగా కొడవలి తెచ్చి పెట్టింది మా అత్తే.

కొన్నాళ్లకు నాకు నిద్ర పట్టడం మానేసింది. బిడ్డ నిద్రపోయినా నాకు రెప్ప పడదు. గుమ్మంలో ఎవరు నిలబడినా బిడ్డను ఎత్తుకుపోవడానికే వచ్చారనిపించేది. అత్త పెట్టే కారం అన్నంలో ఏదో కలిపిందని భయపడి, ఎవరూ చూడకుండా కిటికీలోంచి పారబోసేదాన్ని. అంతకంటే ఘోరం ఇంకొకటి. ఈ బిడ్డ బతికి కష్టాలు పడేకంటే నా చేతుల్లోనే పోవడం మేలని ఒక ఆలోచన వచ్చి కూర్చుంది. పొమ్మన్నా పోదు. ఎవరికి చెప్పుకోను? అడిగినవాళ్లందరికీ నవ్వుతూ బాగున్నానని చెప్పాను. మా ఆయన నమ్మాడు, మామ నమ్మాడు, చూడ్డానికొచ్చిన అమ్మలక్కలు నమ్మారు.

అత్త నమ్మలేదు. ఒక మధ్యాహ్నం లోపలికి వచ్చి, తలగడ ఎత్తి, కొడవలి తీసుకుని వెళ్లిపోయింది. బిడ్డకు కాపలాగా ఉన్న ఇనుమును తీసేసిందంటే ఇంకేముంది, ఈమె పన్నాగం బయటపడిందనుకున్నాను. కాసేపటికి వట్టి చేతులతో తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది.

"బాగుండానని నాకు చెప్పబాకమ్మే, నేను నమ్మను. కిటికీ కింద కాకులు మెతుకులు తింటా ఉండాయి. నువ్వేమో పొద్దస్తమానం ఆ కొడవలి పక్కే చూస్తా ఉండావు. బిడ్డ మీద ఏమన్నా తోస్తా ఉందా నీకు?"

"తోస్తా ఉంది అత్తా."

కొడుతుందని గోడవైపు జరిగాను. కొట్టలేదు. బిడ్డను ఒళ్లోకి తీసుకుని, రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. "చెప్పినావు గదా. చూద్దాం పద" అంది.

గాలి సోకిందని బంధువులు ఒక మంత్రగాడిని పిలుచుకొచ్చారు. నన్ను వేపమండలతో కొట్టాలన్నాడు. మా అత్త అతడిని కిందినుంచి పైదాకా చూసి, ఏ గాలి, ఎక్కడ పట్టింది, ఇంతకుముందు ఎవరికి వదిలించినావు, వాళ్లది ఏ ఊరు, వాళ్లిప్పుడు ఎట్లా ఉన్నారు అని ఆరా తీయడం మొదలుపెట్టింది. పాపం, సగంలోనే సంచి సర్దుకున్నాడు.

మర్నాడే నన్ను నెల్లూరు బస్సెక్కించింది. డాక్టరమ్మ నీరసమని టానిక్కు రాసింది. అత్త కుర్చీలోంచి కదల్లేదు. నీరసమైతే అన్నం ఎందుకు పారబోస్తుంది, నన్ను చూసి ఎందుకు వణుకుతుంది అని అడిగింది. అప్పుడు ఆ తల్లి కలం పక్కన పెట్టి, నన్ను మొదటి నుంచీ మెల్లగా అడిగింది. కాన్పు తర్వాత కొందరికి మనసుకు ఇట్లాంటి జబ్బు చేస్తుందని, ఇది గాలీ కాదు నా తప్పూ కాదని, వైద్యం ఉందని చెప్పి మద్రాసు ఆసుపత్రికి పంపించింది.

అక్కడ ఉన్నన్నాళ్లూ అత్త నా మంచం పక్కన నేలమీదే పడుకుంది. మాత్ర మింగానో లేదో నోరు తెరిపించి చూసేది. నర్సులను కూడా నమ్మేది కాదు, ప్రతి మందూ ఎందుకో చెప్పాల్సిందే. మెల్లగా నిద్ర వచ్చింది. ఆ పాడు ఆలోచన రావడం తగ్గింది. ఇవాళ నా బిడ్డ పుస్తకాల సంచి తగిలించుకుని బడికి పోతోందంటే, అది ఆమె అనుమానం పెట్టిన భిక్షే.

ఇంటికొచ్చాక కూడా చాన్నాళ్లు నన్నూ బిడ్డనూ ఒంటరిగా వదల్లేదు. నాకు ఒళ్లు మండేది, ఒక్కోసారి ఏడుపొచ్చేది. అట్లా నాట్ల రోజులు వచ్చాయి. అందరూ చేలకు పోయారు. అత్త బిడ్డకు నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నా ముఖం వైపు చూసింది. ఏమీ అడగలేదు. చెంగు నడుముకు దోపుకుని, గట్టు వెంబడి నడిచిపోయింది. మలుపు దాకా ఒక్కసారైనా తిరిగి చూస్తుందని నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. చూడలేదు.