సుగుణ టీచర్ నిర్ణయం

పొద్దున్నే కోరుట్ల బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే పళ్ళ మధ్య రాతిపొడి కరకరలాడుతుంది. మా ఊరి గుట్టను పిండి చేస్తున్న క్రషర్ దుమ్ము అది. ఎంత ఉమ్మినా పోదు. నాలుకకు అది తగిలినప్పుడల్లా సుగుణ టీచర్ గుర్తొస్తారు, వెంటనే కోపమూ వస్తుంది.

సారంగాపూర్ దగ్గర మా ఊరి బడిలో ఆమె సైన్సు చెప్పేవారు. భర్త రాజేశం దుబాయిలో కట్టడాల పని చేసి తిరిగొచ్చి, కోరుట్లలో మోటార్లు బాగుచేసేవారు. పెళ్ళై చాలా ఏళ్ళయినా వాళ్ళకు పిల్లలు లేరు. పిల్లలు పుట్టాలంటే వేములవాడ గుడికి పోయి కోడె మొక్కు కట్టమని ఊరి ఆడవాళ్ళు ఆమెకు సలహా ఇచ్చేవారు. పదో తరగతిలో ఒకరోజు నేను ఉండబట్టలేక, మీకు పిల్లలు లేరా టీచర్ అని అడిగేశాను.

"లేరు బిడ్డా. మేమిద్దరం వద్దనుకున్నం," అన్నారు, పాఠం చెప్పినంత మామూలుగా.

"ఎందుకు టీచర్?"

"దుబాయిల ఎండకు పక్కన పనిచేసే మనిషి కూలిపోవుడు మా ఆయన కండ్లతోని చూసిండు. గా ఎండ ఇప్పుడు మన దాకా అచ్చింది. బోర్లు ఎండుతున్నయి, చెట్లు పోతున్నయి. ఉన్న పిల్లలకు గింత నీళ్ళు, గింత గాలి మిగిల్తే చాలనుకున్నం. ఇంకొకరిని కనాలంటే మాకు మనసు రాలే. అది మా సంగతి. నీ సంగతి రేపు నువ్వు ఆలోచించుకో."

అంత పెద్ద ప్రశ్నకు ఒక పెద్దమనిషి నాకు దాచకుండా జవాబు చెప్పడం అదే మొదటిసారి.

నేను టీచర్ ట్రైనింగ్ ముగించిన ఏడాది, గుట్ట మీద క్రషర్ పెట్టే విషయమై గ్రామసభ జరిగింది. సుగుణ టీచర్ ఒక తెల్లగుడ్డ పట్టుకొచ్చారు. క్రషర్ ఉన్న మరో ఊరి బడి కిటికీకి ఒక్కరోజు కట్టి తెచ్చిన గుడ్డ. బూడిద రంగుకు తిరిగిపోయింది. ఆమె దాన్ని విప్పి చూపిస్తుండగానే ఒక వార్డు మెంబరు లేచాడు.

"పిల్లా జెల్లా లేనోళ్ళు, మీకెందుకు మేడం మా ఊరి రంది? రేపు బదిలీ అయి పోతరు. ఈడ ఉండేది మా పిల్లలు."

సభంతా నవ్వింది. మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"గా పిల్లల కోసమే చెప్తున్న," అన్నారు టీచర్. "గుట్ట అమ్మేది మీరు. దుమ్ము మింగేది వాళ్ళు."

పిల్లల్ని కన్నవాళ్ళు గుట్టను క్రషర్‌కు అప్పజెప్పారు. కనని ఆవిడ ఒక్కతే వద్దని నిలబడింది. అయినా ఊరి మంచి పట్టనిదనే పేరు ఆమెకే వచ్చింది! నేను ఆడవాళ్ళ వరసలోనే ఉన్నాను, లేవలేదు. ఆరు నెలల్లో క్రషర్ వచ్చింది. బడి కిటికీలు ఎండాకాలంలో కూడా మూసి పాఠాలు చెప్పాల్సి వచ్చింది.

తర్వాత ఆమె ఎల్లారెడ్డిపేట వైపు బదిలీ అయ్యి సిరిసిల్లలో ఇల్లు తీసుకున్నారు. నాకు కొడుకు పుట్టాడని తెలిసి, ఉతికి మెత్తబరచిన పాత నూలుచీర ముక్కలు పట్టుకుని జగిత్యాల ఆసుపత్రికి వచ్చారు. ఆమె మంచం దగ్గరికి రాగానే పిల్లలు లేనామె దిష్టి తగులుతుందని మా మేనత్త బాబు మొహం మీద గుడ్డ కప్పింది. టీచర్ చూశారు. తెచ్చినవి మంచం మీద పెట్టి, "పైలం బిడ్డా," అని నా తల నిమిరి వెళ్ళిపోయారు. ఆ గుడ్డ తీసి బాబును ఆమె చేతుల్లో పెట్టడానికి నాకు ఎంత సేపు పట్టేది? ఆ పని చేయనందుకు నా మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు.

పోయినేడు ఆమె పోయారు. సిరిసిల్లలో సంతాప సభ పెట్టారు. ఆమెతో పనిచేసిన ఒకాయన మైకు పట్టుకుని, "అన్నీ ఉన్నా, పాపం, సంతానం లేని లోటుతోనే వెళ్ళిపోయింది," అన్నారు. ఈసారి నేను లేచాను.

"లోటు కాదు సార్. ఆమె వద్దనుకున్నరు. ఎందుకు వద్దనుకున్నరో నాకు సొంత నోటితోని చెప్పిన్రు. జాలిపడి ఆమె మాటను చెరపకున్రి."

ముందు వరసలో తల వంచుకు కూర్చున్న రాజేశం తల ఎత్తారు. "అవును. మేమే వద్దనుకున్నం," అన్నారు, వెనక వరసలకు వినబడేలా.

మొన్న క్రషర్‌ను ఇంకా పెంచుతామంటే మళ్ళీ గ్రామసభ పెట్టారు. ఏమవుతుందో ఇంకా తేలలేదు. సభకు ముందు ఒకాయన నా దగ్గరికి వచ్చి, "మేడం, ఇద్దరు పిల్లల తల్లినని చెప్పి మొదలుపెట్టున్రి. గప్పుడే మీ మాట ఇంటరు," అన్నాడు.

నేను ఆ మాట చెప్పలేదు. "నేను ఈ ఊరి గాలి పీల్చే మనిషిని," అని మొదలుపెట్టాను.