ఎగిరే మనిషి కథలకు నాయిన వేసిన గ్రేడ్లు

సూర్యాపేటలో మేము కిరాయికున్న ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాలు నీలంగా ఉండేవి. కిటికీకి అమ్మ కట్టిన పాత నీలం చీర ఒక కారణం, టీవీలో ఎగిరే మనిషి ఇంకో కారణం. మాంసం కూరతో అన్నం తిన్నాక కళ్లు మూతలు పడుతుంటే ఆ బొమ్మల నగరం మీద పొగమంచు కమ్ముకునేది. మేడల సందుల్లోంచి ఎర్రటి వస్త్రం రెపరెపలాడుతూ పోయేది. ఎక్కడిదాకా చూశానో, ఎక్కడినుంచి కలగన్నానో ఇప్పటికీ తేల్చి చెప్పలేను.

2004 ప్రాంతం, నేను ఐదో తరగతి. మా నాయిన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో మిషన్ నడిపేవాడు. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవాడు. ఒకసారి వస్తూ వస్తూ బస్టాండ్ దగ్గర ఒక సీడీ కొనుక్కొచ్చాడు. తాతల కాలం నాటి ఇంగ్లిష్ కార్టూన్లు. భుజాలకు ఎర్రగుడ్డ కట్టుకుని ఎగిరే వీరుడి చిన్న కథలు ఎనిమిది, ఒక్కోటి పది నిమిషాలు. వాళ్లేం మాట్లాడుకుంటున్నారో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. అయినా నెలల తరబడి అవే చూశాం.

ఊరికే చూసి వదిలేసే రకం కాదు నాయిన. మిల్లుకు వడ్లు వస్తే గుప్పెడు తీసుకుని అరచేతుల మధ్య నలిపి ఊదుతారు. తాలు ఎగిరిపోయి గింజ మిగులుతుంది, దాన్ని బట్టి గ్రేడ్. నాయిన కథలకూ అలాగే వేసేవాడు. కథ అయిపోగానే అరచెయ్యి చాచి ఉఫ్‌మని ఊది తీర్పు చెప్పేవాడు. ఆనకట్ట తెగి నీళ్లు ఊరి మీదికొస్తుంటే వీరుడు కొండను తోసి అడ్డం పెట్టేది ఒకటో రకం. తుఫానులో ఓడను భుజాన మోసేది రెండు. మంచుకొండ మూడు. గడియారం ముల్లు పట్టుకుని వేలాడేది నాలుగు, ఎందుకంటే అది చూసినప్పుడల్లా ఆయన చెయ్యి గుంజేదట. మనుషులు నిలబడి మాట్లాడుకునేదంతా తాలు.

అక్కడే మాకు పడేది కాదు. నా ప్రాణమంతా చివరి కథ మీద ఉండేది. అందులో ఎగరడం తక్కువ. ఒక పాత నాటకశాలలో ఒక అమ్మాయి పాడుతుంటే వీరుడు పైకప్పు మీద కూర్చుని వింటాడు. కప్పు కూలబోతే లోపలికి దిగి చేతులతో ఆపి, పాట అయ్యేదాకా కదలకుండా మోస్తాడు. ఒక్క మాట తెలియకపోయినా ఆ పాటకు నా ఒళ్లు ఝల్లుమనేది. నాయిన దానికి ఎనిమిదో స్థానమిచ్చి అంతా తాలే అనేవాడు. నేను అలిగి అన్నం మానేసేదాన్ని. మొండిదాన్ని, ఒప్పుకుంటాను. చెవిటోని ముందట శంఖమూదినట్టు, ఆయనకు పాటేం తెలుస్తదని అమ్మ నన్ను బుజ్జగించేది. ఆ మాట ఎంత నిజమో అమ్మకూ తెలియదు.

ఒక ఆదివారం ఆ కథ వస్తుండగా ఉక్రోషం పట్టలేక సౌండ్ మొత్తం తగ్గించేశాను. గొడవ పడతాడని చూశాను. నాయిన కళ్లార్పకుండా చూస్తూనే ఉన్నాడు. ఆ అమ్మాయి నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కథ అయ్యాక ఎప్పటిలాగే అరచేతిలోకి ఊదాడు. ముఖం చూసి మాటలు పట్టేవాడు కాబట్టి నాయినకు వినపడదని మాకు అన్నాళ్లూ తెలియలేదు. నాకు భయం వేయలేదు, జాలీ కలగలేదు. నాయినను ఓడించే ఉపాయం దొరికిందని సంబరపడ్డాను.

ఆ యేడు దసరాకు మమ్మల్ని మిల్లుకు తీసుకెళ్లాడు. ఆయుధ పూజ రోజు మిషన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మళ్లీ నడిపిస్తారు. అప్పుడు అందరూ మాటలాపి నాయిన వైపు చూస్తారు. వడ్ల పొట్టు తీసే రోలర్లు దగ్గరైతే బియ్యం నూకలవుతాయి, దూరమైతే వడ్లు వడ్లుగానే దిగుతాయి. చప్పుడు విని ఆ సందు సరిచేసేవాడికే మిషన్ దగ్గర చోటు. నాయిన ఇనుము మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపటికి తలూపాడు.

మిషన్ ఆపాక మిల్లు యజమాని సేటు నన్ను దగ్గరికి పిలిచి, మీ నాయినకున్న చెవి ఈ ఊళ్లో ఎవరికీ లేదన్నాడు. నా పాట ఎనిమిదోదన్న మంట నాలో ఇంకా ఆరలేదు.

"మా నాయినకు ఇనపడదు," అన్నాను. "టీవీ సౌండ్ మొత్తం బంద్ జేసినా గట్లనే సూస్తడు."

హమాలీలు నవ్వారు. పిట్ట కొంచెం కూత ఘనమని ఒకాయన నా నెత్తిన మొట్టాడు. సేటు నవ్వలేదు. వెళ్లి నాయిన వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. నాయిన గుడ్డతో రోలర్ తుడుస్తూనే ఉన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. నేనేం చేశానో నాకప్పుడు అర్థమైంది.

దీపావళి లోపే ఆయన్ను వడ్లు ఎండబోసే కళ్లంలోకి మార్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. రెండు తగిలించినా బాగుండేది. ఆదివారాలు గోడవైపు తిరిగి పడుకునేవాడు, సీడీ పెట్టమని అడిగేవాడు కాదు. ఆయన చోటు పోగొట్టింది నేనేనన్న బాధ ఎనిమిదేళ్లు నాలోనే ఉండిపోయింది.

నేను కోదాడలో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు ఒక ఆదివారం నాయిన జామకాయలు పట్టుకుని హాస్టల్‌కు వచ్చాడు. ఆ కథలు ఒక స్నేహితురాలి లాప్‌టాప్‌లో దొరికాయి. వరండా బల్ల మీద కూర్చుని ఎనిమిదీ చూశాం. ఎండ గచ్చు మీద మెల్లగా జరుగుతుంటే నాకు మళ్లీ ఐదో తరగతి మగత కమ్మింది. చివరి కథ అయ్యాక, అన్నాళ్లూ దాచుకున్నది చెప్పేయాలనుకున్నాను. ఇంట్లో అందరం ఆయన చెవి దగ్గర అరిచి మాట్లాడతాం. ఇది అరిచి చెప్పే మాట కాదు. ఎదురుగా గచ్చు మీద కూర్చుని, నా పెదవులు కనిపించేలా, ఆ రోజు నేను అనకపోతే నీ చోటు నీకుండేదని చెప్పాను.

ఆయన లాప్‌టాప్ మూసి పక్కకు జరిపాడు.

"నెల రోజులు నీ మీద కోపముండె బిడ్డా, అబద్ధమెందుకు," అన్నాడు. "గని దసరాకు ముందల ఒకాయన తువ్వాల బెల్టుల సిక్కింది. మొత్తుకుంటే నాకు ఇనపడలే. పక్కోడు ఉరికొచ్చి మిషన్ ఆపిండు. సేటుకు సెప్దామని దినాం పోతుంటి. పని పోతదని సెప్పకుండ వస్తుంటి. నువ్వు సెప్పినంకనే నాకు నిద్ర పట్టింది."

ఏడుపు ఆగలేదు నాకు. అయితే నేను ఎవరినో కాపాడాలని అనలేదు, ఆయన మీద గెలవాలని అన్నాను. అది దాస్తే ఆయన మంచితనాన్ని దొంగిలించినట్టే. అదీ చెప్పేశాను.

"ఎరుకే," అన్నాడు నాయిన. "నువ్వేమన్నవో ఇనపడలే గని, దూరంకెల్లి నీ మొహంల గెలిసిన సంబురం ఆ దినమే సూసిన. నెల రోజుల కోపం దానికే."

అని, గచ్చు మీదున్న నన్ను లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.