శనివారం సినిమా, ప్రశ్నల పిన్నిగారు

సినిమా చూస్తూ ఆవిడ నోరు కట్టేసుకోగలిగిన గరిష్ఠ కాలం మూడున్నర నిమిషాలు. అది కూడా మొదట్లో పేర్లు పడుతున్నంతసేపే. తెర మీదికి మొదటి మనిషి రావడమే తరువాయి, "ఎవరొచ్చారు?" అని మొదలుపెట్టేది. ఆ తర్వాత "ఎటు పోతున్నాడు?", "చేతిలో ఏంటది?", "ఆ పిల్ల ఏడుస్తోందా, నవ్వుతోందా?" అంటూ సినిమా అయ్యేదాకా చెవిలో జోరీగే.

పోనీ ఎవరో వెనక వరసలో కూర్చున్న మనిషి అయితే సరిపెట్టుకోవచ్చు. ఆ లైబ్రరీ మేడమీది హాల్లో వారం వారం సినిమా చూపించి, తర్వాత చర్చ నడిపేదే ఆవిడ. సినిమా ఎంచేది ఆవిడే. ముందురోజు ఇంట్లో రెండుసార్లు చూసి, చర్చకి నోటుబుక్కు నిండా రాసుకొచ్చేదీ ఆవిడే. అన్నీ తెలిసే అడిగేది. విడ్డూరం అక్కడుంది.

ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరు కావాలి, ఎక్కడినుంచి, ఏం పని అని అడిగీ అడిగీ నాలుక అలా తిరిగిపోయిందని జనం సర్దిచెప్పుకున్నారు. చాటుగా ప్రశ్నల పిన్ని అనేవాళ్ళు, ఎదురుగా పిన్నిగారూ అనేవాళ్ళు.

సహాయ లైబ్రేరియన్‌గా కొత్తగా చేరిన అమ్మాయికి మాత్రం ఆ సర్దుబాటు నచ్చలేదు. శనివారం నాలుగింటికి కర్టెన్లు దించడం, ఇరవై రెండు కుర్చీలు వేయడం, ప్రొజెక్టర్ పెట్టడం ఆమె పని. తప్పు అరలో ఉన్న పుస్తకం కనిపిస్తే అన్నం సహించని రకం. తెలిసిన మనిషి తెలియనట్టు ఎందుకడుగుతుంది? ఈ లెక్క తేలక ఆమె బుర్ర వేడెక్కిపోయింది.

వేరే భాష సినిమా వేసినప్పుడైతే మరీను. "అయ్యో, కళ్ళజోడు మర్చిపోయొచ్చాను. కింద రాసింది ఎవరైనా చదివిపెట్టండి నాయనా," అనేది. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతూ ఆవిడ మెడలోనే ఉండేది. ఎవరూ అడగడానికి సాహసించలేదు. వారం వారం వచ్చే బేకరీ ఆయన గొంతు సవరించుకుని, ప్రేమ సీన్లని కూడా రైల్వే ప్రకటనలా చదివి వినిపించేవాడు.

ఆవిడతో బొత్తిగా పడనివారు రిటైరైన లెక్కల మాస్టారు. అయినా పంతానికన్నట్టు ముందు వరసలో ఆవిడ పక్క కుర్చీలోనే కూర్చునేవారు.

"తలుపు తీసిందెవరు మాస్టారూ?"

"తల్లీ, మీకు కళ్ళున్నాయి. తెర ఎదురుగా ఉంది. రెండిటికీ మధ్య నేను అడ్డం లేను."

"చెబితే మీ సొమ్మేం పోయింది?"

"నేను చెప్పను. అడిగినప్పుడల్లా జవాబు చెబితే పిల్లలు చెడిపోతారు. ఎవరో ఒకరు చెప్పి పుణ్యం కట్టుకోండర్రా, లేకపోతే ఈవిడ ఊరుకోదు."

"ముసలాయన తీశాడు పిన్నిగారూ, చేతిలో లాంతరుంది," అనేది వెనకనుంచి ఆస్పత్రి నర్సమ్మ.

ఇలా నడుస్తుండగా ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసే ఒకాయన కొత్తగా చేరాడు. రెండు వారాలు ఓర్చుకున్నాడు. మూడో వారం ఫిర్యాదుల పుస్తకంలో రెండు పేజీలు రాశాడు. పెద్ద లైబ్రేరియన్ ఫ్యాను కిర్రుమంటేనే చిరాకుపడే మనిషి. సహాయ లైబ్రేరియన్ని పిలిచాడు.

"ఒక్క వారం నోరు మెదపకుండా సినిమా చూడమనండి. వల్లకాదంటే చర్చ నడపడానికి వేరే మనిషిని చూద్దాం."

ఆ మాట చేరవేస్తే పిన్నిగారి మొహం వాడిపోయింది. ముందు వరస కుర్చీల వైపు ఒకసారి చూసి, "ఒక్క వారమేగా?" అంది.

ఆ శనివారం ఆవిడ చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నంత పని చేసింది. సినిమాలో మాటలు తక్కువ. కష్టంలో ఉన్న ఒక అక్క తమ్ముణ్ణి రమ్మని ఉత్తరం రాస్తుంది. పోస్టులో వేస్తానని తీసుకున్న మొగుడు దాన్ని మాట్లాడకుండా పొయ్యిలో పడేస్తాడు. తమ్ముడు రాడు. హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఫిర్యాదు చేసిన ఆయనే తోచక రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

చర్చ మొదలవగానే మాస్టారు అందుకున్నారు. "ఆ తమ్ముడికి నేనైతే సున్నా వేస్తాను. అక్క అంత బతిమాలి రాసిన ఉత్తరం చదివి కూడా రాలేదంటే వాడేం మనిషండీ?"

బేకరీ ఆయన తిరిగి నర్సమ్మ వైపు చూశాడు.

"ఉత్తరం అతనికి అందితేగా," అన్నాడు ఇన్సూరెన్స్ ఆయన. "ఆవిడ మొగుడు పొయ్యిలో వేశాడుగా. అందరం చూశాం."

మాస్టారి చెయ్యి కుర్చీ అంచుని గట్టిగా పట్టుకుంది.

"వేశాడా?" అంది పిన్నిగారు గబుక్కున. "నేను చూడనేలేదు. మాట్లాడొద్దంటే నాకు నిద్ర ముంచుకొస్తుంది. నేనూ మాస్టారూ కలిసి ఒక కునుకు తీసినట్టున్నాం."

"ఈవిడ గురక జోలపాటలా ఉంది, నాకూ పట్టేసింది," అన్నారు మాస్టారు. అంతా నవ్వేశారు.

సహాయ లైబ్రేరియన్‌కి మాత్రం నవ్వు రాలేదు. పిన్నిగారు రెప్ప కూడా వేయకుండా చూడడం ఆమె ప్రొజెక్టర్ పక్కనుంచి చూసింది. ఉత్తరం పొయ్యిలో పడ్డప్పుడు ఆవిడ విలవిల్లాడిపోయి మాస్టారి వైపు తిరగడం కూడా చూసింది. ఎప్పుడూ గంటన్నర సాగే చర్చ ఆరోజు పన్నెండు నిమిషాల్లో ముగిసింది. అందరూ వెళ్ళాక కుర్చీలు మడుస్తూ అడిగేసింది.

"పిన్నిగారూ, మాస్టారికి చూపు లేదా?"

ఆవిడ చేతిలో కుర్చీ కింద పెట్టి, గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది.

"వెలుగు తెలుస్తుంది, నీడలు తెలుస్తాయి. అంతే. ఈ సినిమాలు మొదలైన నెలలోనే కనిపెట్టాను. రీడింగ్ రూములో పేపరు చదువుతున్నారు. యుద్ధం వార్త ఉన్న పేజీని ఎంతసేపు చూశారో, పేజీ నిండా సబ్బు ప్రకటన ఉంటే దాన్నీ అంతేసేపు చూశారు. సబ్బులో అంత చదవడానికేముంది చెప్పు?"

"మరి ఆయన్నే అడగలేకపోయారా?"

"ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే కూతురు ఒంటరిగా గడప దాటనివ్వదు. ఈ శనివారం కాస్తా పోతుంది. అందుకని నాకు తెలియనట్టు నేనే అడుగుతాను. ముప్పై ఏళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళని అడిగినదాన్ని, నాకు సిగ్గేమిటి? నువ్వు మాత్రం నోరు జారకు అమ్మడూ. తెలిస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారు."

పిన్నిగారు మళ్ళీ ప్రశ్నలు వేయాల్సిందేనని పెద్ద లైబ్రేరియన్‌కి ఎలా చెప్పాలో తోచక ఆ అమ్మాయి రెండు రోజులు తలపట్టుకుంది. మూడో రోజు ఇన్సూరెన్స్ ఆయనే వచ్చి ఫిర్యాదుల పుస్తకం అడిగాడు. తను రాసిన రెండు పేజీల కింద 'పై విషయం రద్దు' అని రాసి సంతకం పెట్టాడు.

"ఆవిడ అడగకపోతే నేను సగం సినిమా చూడటమే లేదండీ," అన్నాడు. "మొన్న ఇంటికెళ్ళాక ఆలోచిస్తే, సినిమాలో ఆ అక్క ఇంట్లో పిల్లలున్నారో లేదో కూడా గుర్తు రాలేదు."

ఆ గండం అలా గట్టెక్కింది. మర్నాడు మధ్యాహ్నం రీడింగ్ రూములోంచి మాస్టారు పిలిచారు. ఎదురుగా పేపరు పరిచి ఉంది.

"అమ్మాయీ, నీతో ఒక మాట. పిన్నిగారికి తెలియకూడదు."

"చెప్పండి మాస్టారూ."

"నాకు చూపు ఆనదు. ఆవిడ ప్రశ్నలన్నీ నాకోసమే. ఆవిడ మొదలుపెట్టిన రెండో వారమే నాకు తెలిసింది. ముప్పై ఐదేళ్ళు పరీక్ష హాల్లో ఎవడు ఎవడికి జవాబు అందిస్తున్నాడో పసిగట్టినవాణ్ణి. నాకే అందిస్తుంటే తెలియదా?"

సహాయ లైబ్రేరియన్ దగ్గరికి జరిగింది. "మరి అంతలా కసురుకుంటారెందుకు?"

"కసరకపోతే నాకు తెలిసిపోయిందని ఆవిడకి తెలిసిపోతుంది. పాపం, ఎంత గుట్టుగా చేస్తోంది! ఆ సరదా ఎందుకు పాడుచేయాలి?" మాస్టారు పేపరు ఒక పేజీ తిప్పి, చిన్నపిల్లాడిలా సందేహించి, మళ్ళీ అన్నారు. "ఒకటే లోటు. ఎవరొచ్చారు, ఎటెళ్ళారు, అన్నీ అడుగుతుంది. రంగులు అడగదు. నాకు రంగులంటే ఇష్టం. నువ్వు ఎలాగైనా, నా పేరు రాకుండా..."

ఇద్దరి రహస్యాలూ మోయాల్సి వచ్చిన ఆ అమ్మాయి శుక్రవారం పోస్టరు అతికిస్తూ, ఏమీ ఎరగనట్టు అంది. "పిన్నిగారూ, మీరు అన్నీ అడుగుతారు గానీ రంగులెందుకు అడగరు?"

పిన్నిగారు నుదురు కొట్టుకుంది. "నా బుర్రకి తట్టనేలేదే అమ్మడూ. ఎంత పొరపాటు."

ఇక పట్టు పడితే వదిలే మనిషి కాదాయె. శనివారం సినిమా మొదలైన అయిదు నిమిషాలకి, వాన కురుస్తున్న వీధిలోకి ఒక పిల్ల గొడుగు విప్పుకుంటూ దిగింది.

"ఆ గొడుగు ఏం రంగు?"

"రంగుల్లోకి కూడా దిగారా తల్లీ," అని మాస్టారు విసుక్కున్నారు. విసుక్కుంటూనే కుర్చీలో ముందుకు జరిగారు.

"పిన్నిగారూ," అన్నాడు బేకరీ ఆయన మెల్లగా, "ఇది నలుపు తెలుపు సినిమా."

హాలంతా గొల్లుమంది. పిన్నిగారు చెక్కుచెదరలేదు. "అది నాకూ తెలుసు. సినిమాకి రంగు లేకపోతే గొడుగుకి లేదా? కొట్లో ఆ పిల్ల రంగు చూడకుండానే కొనుక్కుందా?"

సహాయ లైబ్రేరియన్ సినిమా ఆపింది. పసుపు అంది నర్సమ్మ, ఆ వయసు పిల్లలకి అదే ఇష్టమని. నీలం అన్నాడు ఇన్సూరెన్స్ ఆయన, దిగులుగా ఉంది గనక.

"ఎరుపు," అన్నారు మాస్టారు. "ఆ అడుగుల చప్పుడు విన్నారా? ఎర్ర గొడుగు పట్టుకున్న పిల్ల తప్ప ఇంకెవరూ అలా నడవరు."

చప్పుడు ఎవరూ వినలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ వెయ్యమన్నారు. ఈసారి అందరూ కళ్ళు మూసుకుని విన్నారు. నర్సమ్మ మాస్టారి పక్షానికి మారింది. ఇన్సూరెన్స్ ఆయన మారనన్నాడు. గొంతులు పెరిగాయి. మెట్లెక్కి పెద్ద లైబ్రేరియన్ కోపంగా వచ్చాడు. గుమ్మంలో నిలబడి కాసేపు విని, సహాయ లైబ్రేరియన్ వైపు వంగి, "ఏ గొడుగు?" అని అడిగాడు.

ఆమె చెప్పింది.

"ఆకుపచ్చ అయ్యుండదా?" అన్నాడాయన, కుర్చీ లాక్కుంటూ.