నాయిన ఊపిరి

మొన్న మారేడ్‌పల్లిలో ఒక పెళ్లికి వెళ్లాను. స్టేజీ పక్కన కుర్రాడు కీబోర్డు మీద ఏదో మీట నొక్కగానే వేణువు వినిపించింది. ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కింది పంచమంలో ఆ సన్నని జీర మా నాయినదే. ఆయన పోయి ఏళ్లయింది.

మెట్టుగూడలో ఉన్నప్పుడు నాయిన భక్తి పాటల క్యాసెట్లకు వేణువు వాయించేవాడు. బడికి సెలవని ఒకరోజు నన్నూ రికార్డింగుకు తీసుకుపోయాడు. అక్కడ కొత్తగా కంప్యూటర్ పెట్టారు. అద్దాల గదిలో నిలబడి నాయిన 'స' ఊదాడు. మళ్లీ ఊదమన్నారు. తర్వాత 'రి'. పొద్దంతా అంతే. నాయిన వాయించుడు మర్చిపోయాడని, అందుకే మొదటినుంచి నేర్పిస్తున్నారని నాకు ఏడుపొచ్చింది.

"పాట ఎప్పుడు వాయిస్తవు నాయినా?"

"పాట వద్దంట బిడ్డా. ఒక్కొక్క స్వరం ఇస్తే చాలంట."

కంప్యూటర్ ముందున్నాయన నవ్వాడు. "ఊపిరి సప్పుడు సుత వస్తున్నదన్నా. పరేషాన్ గాకు, అది నేను కోసేస్తా."

ఆ తర్వాత నాయినను ఎవరూ పిలవలేదు. ఫోను మోగితే మాత్రం అన్నం ముందునుంచి లేచి ఉరికేవాడు. ఆ స్వరాలే కీబోర్డుల్లోకి చేరాయని పెద్దయ్యాక తెలిసింది.

పెళ్లిలో వేణువు ఎక్కడా ఆగకుండా మోగుతూనే ఉంది. ఇక్కడన్నా నాయిన ఊపిరి పీల్చుకుంటాడేమో అని పాట అయ్యేదాకా ఎదురుచూశాను.